నాథూపూర్‌లో ఒక సన్నని తీగ

ఢిల్లీ నుంచి జయపురానికి పోయే రాజమార్గం హర్యానాలో అడుగుపెట్టే చోట సిర్‌హౌల్ అనే ఊరున్నది. 2008 జనవరిలో ఎక్స్‌ప్రెస్ మార్గం ప్రారంభమైనప్పుడు అక్కడ 32 వరుసల టోల్‌గేటు వెలసింది. అన్ని ద్వారాలుంటే వాహనం ఆగే పనే ఉండదని చాలామంది నమ్మారు. జరిగింది వేరు. ద్వారాల ముందు విశాలమైన మైదానం ఏర్పడింది, ఆ మైదానం నిండా వాహనాలు నిలిచాయి, వాటి వెనుక మరికొన్ని వచ్చి చేరాయి. లారీ వెనుక కారు, కారు వెనుక అంబులెన్సు. ఎవరి తొందర ఎంతటిదైనా వచ్చిన వరుసలో నిలబడవలసిందే. ఆరేళ్లు ఈ అవస్థ పడిన తరువాత 2014 ఫిబ్రవరిలో ఆ గేటు తీసివేశారు. గురుగ్రామ్‌లో పాత కాపురస్థులతో మాట్లాడితే నేటికీ ఆ క్యూల ముచ్చట రాకుండా ఉండదు.

గురుగ్రామ్ అనే పేరు అధికారికంగా స్థిరపడింది 2016లో. ద్రోణాచార్యునికి పాండవులు గురుదక్షిణగా ఇచ్చిన గ్రామమిదని స్థలపురాణం. ఊరివాళ్ల నోట మాత్రం ఇది ఇప్పటికీ గుడ్‌గావే. ఈ నగరం ఒక ప్రణాళిక ప్రకారం పెరిగినది కాదు. 1975లో హర్యానా ప్రభుత్వం చేసిన చట్టం ప్రైవేటు సంస్థలు లైసెన్సు పొంది కాలనీలు నిర్మించడానికి దారి తెరిచింది. పొలాలు కాలనీలయ్యాయి, కాలనీల మధ్య అద్దాల మేడలు లేచాయి. ఊళ్లు మాత్రం ఎక్కడివక్కడే మిగిలిపోయాయి. బ్రిటిష్ వారి కాలంలో, 1908లో, రెవెన్యూ పటాల మీద గ్రామకంఠం చుట్టూ ఎర్రసిరాతో ఒక గీత గీశారు. దానినే లాల్ డోరా, అంటే ఎర్రదారం, అంటారు. దారం లోపలి ఇళ్లకు నగర నిర్మాణ నిబంధనలు వర్తించవనే ఆనవాయితీ చాలాకాలం సాగింది. అందువల్ల చక్కర్‌పూర్, సికందర్‌పూర్, నాథూపూర్ వంటి ఊళ్లలో ఒకరి గోడకు ఒకరు చేరవేసి నాలుగంతస్తులు, అయిదంతస్తులు కట్టుకున్నారు. సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒత్తిగిలాలి. తలెత్తితే ఆకాశం కంటె తీగలే ఎక్కువ కనిపిస్తాయి.

నేను చెప్పబోయే తీగ వాటిలో ఒకటి. అది నాథూపూర్‌లో ఒక మేడకు వచ్చేది. ఆ మేడ పైకెక్కితే సైబర్ సిటీ సౌధాలు చేతికందేటంత దగ్గరగా ఉంటాయి. వాటిలోకి వెళ్లే సమాచార వాహినుల సామర్థ్యం ఊహకందదు. మధ్యలో ఒక రోడ్డు, ఒక మురుగుకాలువ. ఇవతలి ఒడ్డున మాకు కేబుల్ టీవీ వేసే మనిషే మేడ మీద నుంచి మేడ మీదికి లాగి ఇచ్చిన ఇంటర్నెట్. లోపలికి సెకనుకు 10 మెగాబిట్లు, బయటికి 1 మెగాబిట్. 2021 శీతాకాలంలో అంతకు మించిన కనెక్షన్ ఆ సందులోకి రాలేదు. రోడ్డు మీది దాకా వచ్చిన సంస్థలు లోపలికి రావడానికి ఇష్టపడలేదు. స్తంభం పాతే చోటు లేదన్నారు.

ఆ ఒక్క తీగను మూడు కుటుంబాలు పంచుకున్నాయి. రెండో అంతస్తులో గుంటూరు నుంచి వచ్చిన దంపతులు, వారి పదహారేళ్ల కుమారుడు. తండ్రి ఉద్యోగ్ విహార్‌లో ఒక దుస్తుల కర్మాగారంలో పర్యవేక్షకుడు. మూడో అంతస్తులో శ్రీకాకుళం జిల్లా యువకులు నలుగురు, అందరూ సైబర్ సిటీలో రాత్రి ఉద్యోగులే. మేడ మీది ఒంటి గదిలో నేను. కింద ఇంటి యజమాని. ఈ సీమ మర్యాద ప్రకారం ఆయన ఊరందరికీ తావూ, అనగా పెదనాన్న. ఆయనకు ఇంటర్నెట్ అక్కరలేదు. హుక్కా, మంచం, సాయంత్రం వచ్చే నీళ్ల ట్యాంకరు మీద పెత్తనం ఉంటే చాలు.

రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆ ఇంట్లో తగవు. తగవుకు మూలం గుంటూరు కుర్రవాడి ఆట అని అందరి నిశ్చయం. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించిన తరువాత, 2021 జూలైలో దాని భారతీయ రూపం వచ్చింది. నలుగురు ఒక జట్టుగా ఆడుకోగల ఆట అది. ఈ కుర్రవాడి జట్టులో మిగిలిన ముగ్గురూ గుంటూరులో అతనితో ఏడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవారు. ఊరు మారిన కొద్ది నెలలకే బడులు మూతపడ్డాయి. కొత్త ఊళ్లో అతనికి ఒక్క స్నేహితుడూ కుదరలేదు. హిందీ సరిగా రాదు. ఆడుకోవడానికి సందులో చోటు లేదు. అందుచేత ఆ ఆటే అతని మైదానం, ఆ మూడు గంటలే అతని సాయంకాలం. అతను పరుగెత్తమంటే తెరమీద మనిషి రెండు సెకన్ల తరువాత పరుగెత్తేవాడు; అప్పటికే చచ్చి పడిపోయి ఉండేవాడు. జట్టువాళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టారు. తరువాత, నాలుగో మనిషిగా మరొకరిని చూసుకుంటామని చెప్పారు.

“వీడి ఆట వల్ల మీ పని పాడవుతున్నదేమో, అన్నయ్యగారూ, ఫోను లాగేసుకుంటాను” అని తల్లి ఒకనాడు మేడమీదికి వచ్చి చెప్పింది. నా పని పాడవుతున్న మాట నిజమే. అనువాదం నా వృత్తి. దానితోపాటు, వైద్యానికి గురుగ్రామ్ వచ్చే తెలుగు రోగులకూ తెలుగు రాని వైద్యులకూ మధ్య ఇంటి నుంచే దుబాసీ పని చేసేవాణ్ణి. ఒక రాత్రి వైద్యుడు రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగాడు. రోగి భార్య “అవునండి” అన్నది. ఆ మాట రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా వైద్యుడు, లేనట్టేనని తలచి, మునుపు శస్త్రచికిత్స ఏమైనా జరిగిందా అని తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. అవును అనే జవాబు రెండో ప్రశ్నకు అతుక్కున్నది. నేను ఆపి రెండు ప్రశ్నలూ విడివిడిగా మళ్లీ అడిగించాను గనుక సరిపోయింది. మాటలు ఆలస్యమైతే అవి తప్పుడు చోట కూర్చుంటాయని దుబాసీకి మరొకరు చెప్పనక్కరలేదు.

ఈ నగరపు ఐశ్వర్యంలో అధికభాగం ఈ సూక్ష్మం మీదే కట్టబడింది. 1997లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఒక శాఖ ఇక్కడ కార్యాలయం తెరిచి, సముద్రాల ఆవలి ఖాతాదారుల పని చేయడం మొదలుపెట్టింది. అదే నేటి జెన్‌ప్యాక్ట్. టెలిఫోను సంభాషణలో మాట ఒకవైపు చేరడానికి సెకనులో ఆరోవంతు లోపు, కచ్చితంగా చెప్పాలంటే 150 మిల్లీసెకన్ల లోపు, పడితే మనిషి చెవి దానిని గుర్తించదని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం. అంతకు మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం మొదలవుతుంది. రోడ్డుకు అవతల ఆ 150ని కాపాడడానికి ఎంతో ధనం ఖర్చు చేశారు. ఇవతల అది రెండువేలకు చేరినా అడిగేవారు లేరు.

మూడో అంతస్తు వారిది ఒకటే పరిష్కారం. “మాస్టారూ, పెద్ద ప్లానుకి మారిపోదామండి. కుర్రాడు ఆడుకుంటే మనకేటి నష్టం?” అనేవారు. మనసు మంచిదే. కాని తీగకు అంతకంటె పెద్ద ప్లాను లేదు. ఉన్నా ప్రయోజనం కొంతే. లెక్క చూడండి. ఆట ఆడేటప్పుడు ఫోను పంపేది చిన్నచిన్న పొట్లాలు. ఒక్కొక్కటి సుమారు నూరు బైట్లు, సెకనుకు ముప్పై అనుకుంటే మొత్తం 24 కిలోబిట్లు. మా బయటి దారి వేయి కిలోబిట్లది. లెక్క ప్రకారం అలాటి ఆటగాళ్లు నలభై మంది అందులో నడవవచ్చు. దోషం ఆటది కాదన్నమాట. మరెవరిది?

దీనిని కనుక్కోవడానికి ఒక పాత పరికరం ఉన్నది. 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనాలయంలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన పింగ్ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. జలాంతర్గాములు నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వని వినే పద్ధతిని చూసి పెట్టిన పేరది. దూరపు యంత్రానికి ఒక పొట్లం పంపుతుంది, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. అంతే దాని పని. సరిగ్గా ఆ 1983 డిసెంబరులోనే ఈ గుడ్‌గావ్‌లో తొలి మారుతి కారు కర్మాగారం దాటి బయటికి వచ్చింది. రెండింటికీ సంబంధమేమీ లేదు. అయినా ఈ ఊరి గురించి రాసేటప్పుడు చెప్పకుండా ఉండలేకపోయాను.

రాత్రి రెండు గంటలకు, ఇల్లంతా నిద్రపోయిన వేళ, పింగ్ 34 మిల్లీసెకన్లు చూపింది. మరునాడు తొమ్మిదింటికి 1,900. కుర్రవాడి చేత ఆట ఆపించాను. 1,900 అలాగే ఉన్నది. అతని ముఖం చూడవలసింది. “అంకుల్, ఆ మాట కొంచెం కింద కూడా చెప్పండి” అన్నాడు.

ఒక్కొక్క ఫోనునే ఇంటి వైఫై నుంచి తప్పిస్తూ వచ్చాము. రాత్రి ఉద్యోగానికి బయలుదేరే ముందు మూడో అంతస్తులో నాలుగు ఫోన్లూ చార్జింగుకు పెట్టేవారు. చార్జింగూ వైఫై రెండూ అమరినప్పుడు ఆ ఫోన్లు పగలు తీసిన ఫోటోలను, వీడియోలను ఎక్కడో దాచుకోవడానికి తమంతట తామే బయటికి పంపుతున్నాయి. ఎవరూ మీట నొక్కలేదు, ఎవరికీ తెలియదు. నాలుగో ఫోను తప్పించగానే పింగ్ 36కు దిగింది.

ఫోటోలు పోతే ఆట ఎందుకు ఆగాలి? వంతులవారీగా పోవచ్చును కదా? ఇక్కడే సిర్‌హౌల్ జ్ఞాపకం వస్తుంది. ఇంటి తీగకు మొదట ఉండే పెట్టెలో పొట్లాలు వేచి ఉండడానికి కొంత జాగా ఉంటుంది. జ్ఞాపకశక్తి చవక అయినకొద్దీ తయారీదారులు ఆ జాగాను పెంచుకుంటూ పోయారు. ఒక్క పొట్లమూ పారవేయకుండా దాచడమే మేలని వారి తలంపు. ఆ జాగా 256 కిలోబైట్లు అనుకోండి. సెకనుకు ఒక మెగాబిట్ పోయే దారిలో అది ఖాళీ కావడానికి రెండు సెకన్లు పడుతుంది. ఫోటోలు దానిని నింపి ఉంచుతాయి, ఖాళీ అయినంత మేరా వెంటనే మళ్లీ నింపుతాయి. నూరు బైట్ల ఆట పొట్లం వచ్చి తోకన నిలబడుతుంది. దాని ముందు రెండు సెకన్ల లారీలు.

పొట్లం పోవడమే మేలైన సందర్భాలుంటాయని వినడానికి వింతగా ఉంటుంది. కాని ఇంటర్నెట్ నడక అంతా దాని మీదే ఆధారపడ్డది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, నాలుగువందల గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 వేల బిట్లు పోవలసిన దారిలో 40 బిట్లు మాత్రమే పోయిన రోజు వచ్చింది. అందరూ ఒకేసారి తోసుకొని, పోనిదానిని మళ్లీమళ్లీ పంపి, దారిని తామే పూడ్చివేశారు. వాన్ జేకబ్‌సన్ దీనికి చికిత్స కనిపెట్టి 1988లో ప్రకటించాడు: పొట్లం పోయిందంటే దారి ఇరుకైనదని అర్థం చేసుకొని పంపేవాడు వేగం తగ్గించుకోవాలి. నేటికీ దస్త్రాలు పంపే యంత్రాలు చాలావరకు ఇదే మర్యాద పాటిస్తాయి. మధ్యలోని పెట్టె ఏదీ పారవేయక అన్నీ దాచుకుంటే, పంపేవాడికి కబురు అందేది ఎలా? దారి బాగున్నదనే అనుకొని పంపుతూనే ఉంటాడు.

అమెరికాలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010లో తన ఇంట్లోనే ఈ జబ్బును పట్టుకున్నాడు. ఆయన పెద్ద దస్త్రాలు పంపుతుంటే ఇంటర్నెట్ నెమ్మదించిందని పిల్లలు గోలపెట్టేవారట. ఆ వాపుకు ఆయన పెట్టిన పేరు బఫర్‌బ్లోట్. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, జేకబ్‌సన్ కలిసి ఒక మందు తయారుచేశారు. క్యూ ఎంత పొడవున్నదని చూడకుండా, ఒక్కొక్క పొట్లం అందులో ఎంతసేపు నిలబడిందని చూడాలి. కొద్దిసేపటి కంటె ఎక్కువగా అందరూ నిలబడవలసి వస్తుంటే ఒకటి రెండు పారవేసి పంపేవాడికి కబురందించాలి. దీనికి మరొక పాత సూత్రాన్ని జోడించారు. 1985లోనే జాన్ నేగల్ అనే ఆయన, పంపేవారందరినీ ఒకే వరుసలో నిలబెట్టవద్దు, ఎవరి వరుస వారికివ్వండి, తలా ఒకటి చొప్పున తీసుకోండి అన్నాడు.

ఈ రెండో సూత్రం తావూకు వివరించనే అక్కరలేకపోయింది. మా సందులోకి నీళ్ల ట్యాంకరు వస్తే ఆయనే నిలబడి పంపకం చేసేవాడు. ఆరు డ్రమ్ములు తెచ్చినవాడు ముందున్నా, ఒక డ్రమ్ము నిండాక గొట్టం వెనుక చెంబు పట్టుకున్న ముసలమ్మకు ఇవ్వాలి. ఆమె చెంబు నిండడానికి ఎంతసేపు? తరువాత రెండో డ్రమ్ము. డ్రమ్ములవాడికి నష్టమేమీ ఉండదు. ముసలమ్మకు గంట మిగులుతుంది. ఇంటర్నెట్‌లోనూ అదే చేయబోతున్నామంటే ఆయన హుక్కా పక్కన పెట్టి, ఇన్నాళ్లూ చేయలేదా అని అడిగాడు.

చేయడానికి ఒక చిక్కున్నది. క్యూ ఏర్పడేది కేబుల్ మనిషి ఇచ్చిన పెట్టెలో. దాని మీద మనకు అధికారం లేదు. కనుక క్యూను మన పెట్టెలోకి రప్పించుకోవాలి. నెహ్రూ ప్లేస్‌లో ఒక పాత రౌటర్ కొని, దానిలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాము. 2004లో మొదలైన ఆ ప్రయత్నం కొన్ని వందల చవక రౌటర్లకు కొత్త బుద్ధి నేర్పింది. గుంటూరు కుర్రవాడు ఆ పని రెండు రాత్రులలో నేర్చుకున్నాడు. బయటికి పోయే వేగాన్ని 1,000 కిలోబిట్ల నుంచి 850కి, లోపలికి వచ్చేదానిని 10 మెగాబిట్ల నుంచి 8.5కు మనమే తగ్గించి కట్టాము. తీగ ఎప్పుడూ పూర్తిగా నిండదు గనుక అవతలి పెట్టెలో వాపు రాదు. నిలవవలసినవన్నీ మన రౌటర్లోనే, మన పంపకం కిందనే నిలుస్తాయి. డబ్బిచ్చి కొన్న వేగంలో నూటికి పదిహేను వంతులు వదులుకోవడమేమిటని మూడో అంతస్తులో ఒకరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. నాలుగు ఫోన్లనూ ఒకేసారి చార్జింగుకు పెట్టించి, ఫోటోలు పోతుండగా పింగ్ నడిపి చూపించాము. 48. 55. 47. మళ్లీ 52. ఫోటోలన్నీ వెళ్లడానికి మాత్రం మునుపటి కంటె కాస్త ఎక్కువ సేపు పట్టింది. నిద్రపోయే ఫోనుకు ఆ తొందర ఏమిటి?

34కు దిగకపోవడానికి కారణమున్నది. పెద్ద పొట్లం ఒకటి మన సన్నని తీగ దాటడానికే పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు కావాలి. అది సగం దాటినప్పుడు ఆట పొట్లం వస్తే ఆగవలసిందే. ఏ యుక్తీ దానిని తప్పించలేదు. ఆటగాళ్లు ఆ తేడాను ఓర్చుకోగలరు.

పంపకం బాగున్నంత మాత్రాన లేనిది పుట్టదు. 10 మెగాబిట్లలో రెండు మంచి నాణ్యత గల సినిమాలు ఒకేసారి చూడడం కుదరదు. ఒకరు బొమ్మ నాణ్యత తగ్గించుకోవాలి. రెండు గిగాబైట్ల కొత్త అధ్యాయం ఆటలోకి దింపుకోవడానికి తీగ మొత్తం వాడినా అరగంట. అవి తెల్లవారుజామున మూడింటికి పెట్టుకోవడం అలవాటయింది. వైఫై సంగతి మరొకటి. నాథూపూర్‌లో ఫోను తెరిస్తే చుట్టుపక్కల వైఫై పేర్లు ముప్పై, నలభై కనిపిస్తాయి. పాత 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలలో ఒకదానికొకటి తగలకుండా నడిచే దారులు మూడే. గోడకు గోడ అంటిన ఊళ్లో ఆ మూడింటి మీద అందరూ ఒకేసారి అరుస్తున్నట్టే. అందుచేత నా బల్ల దగ్గరికి తీగ దించుకున్నాను. కుర్రవాడి గదికి 5 గిగాహెర్ట్జ్ అమర్చాము. ఇదంతా చేయకుండా రౌటర్ ఒక్కటే మార్చి ఉంటే సగం ఫలితమే దక్కేది.

సంక్రాంతి నాటికి కుర్రవాణ్ణి జట్టు మళ్లీ చేర్చుకున్నది. మొదటి రాత్రి వాళ్లు ఆట మొదలుపెట్టకుండా గంటసేపు కబుర్లే చెప్పుకున్నారని తల్లి చెప్పింది. మూడో అంతస్తు వారు ఆదివారం ఢిల్లీ ఆంధ్రా భవన్‌కు భోజనానికి పోతూ అతన్నీ వెంట తీసుకుపోవడం ప్రారంభించారు. దుబాసీ పనిలో నేను ప్రతి జవాబునూ రెండుసార్లు చెప్పించే అలవాటు మాత్రం మానుకోలేదు.

2023లో గాజుతీగ ఎట్టకేలకు ఆ సందులోకి వచ్చింది. స్తంభాలు పాతకుండా గోడల వెంట మేకులు కొట్టి లాగారు. 100 మెగాబిట్లు. వచ్చిన సాయంత్రమే కుర్రవాడు పాత రౌటర్ తీసివేసి సంస్థ ఇచ్చిన కొత్త పెట్టె తగిలించి, పెద్ద వీడియో ఒకటి బయటికి పంపుతూ పింగ్ నడిపాడు. 28 దగ్గర మొదలైన అంకె 190 దాకా పోయింది. ఏమీ మాట్లాడకుండా లేచి, పాత రౌటర్ను దుమ్ము తుడిచి మళ్లీ దాని చోట పెట్టాడు. ఈసారి 85 దగ్గర కట్టాడు.